నిండిన నేలలో కలుపు మొలవదా? — ఎల్టన్ సిద్ధాంతముపై ఒక విమర్శ

ఇబ్రహీంపట్నమునుండి మంచాల పోవు దారిలో, నేను పాఠములు చెప్పుచున్న కళాశాలకు కొంత దూరమున ఒక బీడు ఉన్నది. కొన్నేండ్ల క్రిందటివరకు అది జొన్న, కంది, పెసర పండిన ఎర్రచెలక. తరువాత చేతులు మారినది. యంత్రములు వచ్చి గట్లను త్రవ్వి చదును చేసినవి. మట్టిరోడ్లు వేసిరి, హద్దురాళ్లు పాతిరి, ప్లాట్లుగా విడదీసిరి. ఇండ్లు మాత్రము లేవలేదు. మృగశిర కార్తెలో తొలివాన పడిన పదిపదునైదు దినములకు అక్కడ లేచినది వయ్యారిభామ. దానికి తూర్పున మరియొకరి పొలము ఉన్నది. ఆ పొలము గట్టు ఇంకను చెక్కుచెదరలేదు. గట్టుమీద తంగేడు, వెంపలి, గరిక, తుంగ, ఉత్తరేణి, తుమ్మి, రేగు గుబురుగా అల్లుకొని ఉన్నవి.

ప్రతి సంవత్సరము వానకాలమున నేను వృక్షశాస్త్ర విద్యార్థులను అక్కడికి తీసికొనిపోయి, మీటరు పొడవు, మీటరు వెడల్పు గల కొయ్యచట్రమును నేలపై పెట్టించి, అందులోని మొక్కలను జాతులవారీగా లెక్కింపజేయుదును. దీనిని పరిశోధన అనరాదు, ఇది పాఠము మాత్రమే. ప్లాటులో పెట్టిన చట్రమునిండ వయ్యారిభామయే కనబడును. గట్టుపై పెట్టిన చట్రములో అనేక జాతులుండును, వయ్యారిభామ ఒకటో రెండో బక్కమొక్కలుగా ఉండును, లేదా అసలే ఉండదు. "జాతులు ఎక్కువగా నున్నచోట పరదేశి మొక్క చొరబడలేదు" అని చెప్పి పాఠము ముగించుట నాకు అలవాటు. ఈసారి యాచారమునుండి వచ్చు విద్యార్థిని ఒకతె గట్టు చివర, మేకలు దాటు త్రోవ దగ్గర, చట్రము పెట్టి నన్ను పిలిచినది. "సార్, ఇక్కడ పదిరకాల మొక్కలున్నయి. వయ్యారిభామ గూడ మస్తుగ ఉన్నది. మరి ఇదెట్ల?" అని అడిగినది.

నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి, ఆ పాఠమునకు మూలమైన గ్రంథమును మరల మొదటినుండి చదివితిని.

ఆ గ్రంథము చార్లెస్ ఎల్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1958లో ప్రకటించిన 'జంతువుల, మొక్కల ఆక్రమణల జీవావరణశాస్త్రము'. ఎల్టన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జంతుసంఖ్యలను గూర్చి పరిశోధించుటకు 1932లో ఒక సంస్థను స్థాపించినవాడు. 1957లో బి.బి.సి. రేడియోలో ఇచ్చిన ప్రసంగములను పెంచి ఈ గ్రంథముగా వ్రాసెను. పండితులకొరకేగాక సామాన్య శ్రోతలకొరకు పుట్టినది కనుక ఇది చదువుటకు హాయిగా ఉండును. ఒక ఖండమునుండి మరియొక ఖండమునకు చేరిన ప్రాణులు విజృంభించుటను అతడు బాంబుల ప్రేలుడుతో పోల్చును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి పదునైదేండ్లైనను గడువని కాలమున, అణుబాంబు భయమున మునిగియున్న దేశమున వ్రాసినవాడు అట్టి ఉపమానము ఎన్నుకొనుటలో వింత లేదు. అయినను ఆ యుద్ధభాష ఈ శాస్త్రమునకు ఒక వాసనగా అంటుకొని నేటికిని వదలలేదు. 'ఆక్రమణ', 'ప్రతిఘటన', 'శత్రువు' అను మాటలతో ఆలోచించువానికి ప్రతి పరదేశి మొక్కయు దండెత్తి వచ్చిన సైనికునివలెనే కనబడును. బాలానగర్ సీతాఫలము అమెరికానుండి వచ్చినదే. బతుకమ్మలో పేర్చు బంతిపూవు మెక్సికోది. గుమ్మడి కూడ ఆ ఖండమునదే. వీనిని దండయాత్రగా ఎవరును లెక్కింపరు.

ఇక అతని సిద్ధాంతము. కొద్దిజాతులు మాత్రమే గల సముదాయము సులభముగా తలక్రిందులగునని, అనేక జాతులు గల సముదాయము బయటిజాతిని అడ్డగించునని ఎల్టన్ వాదించెను. ఇందులోని తర్కము మన రైతులకు తెలియనిది కాదు. చెలకలో జొన్న ఒక్కటియే వేసిన, సాళ్లమధ్య నేల చాలకాలము బోసిగా ఉండి కలుపు లేచును. జొన్నతో కందిని, పెసరను కలిపి వేసినచో పెసర తొందరగా నేలను కప్పును, జొన్న పైకి లేచి ఎండను అడ్డగించును, కంది లోతుగా వేరుపారి జొన్న కోసిన తరువాత కూడ నిలుచును. పైమట్టి తేమ ఒకటి త్రాగగా లోతుతేమ మరియొకటి త్రాగును. వానకాలము మొదట ఒకటి పెరుగును, చివర మరియొకటి పెరుగును. మిగులు వెలుతురు, మిగులు నీరు, మిగులు ఎరువు లేనిచోట క్రొత్తగా మొలచినది బ్రదుకుట కష్టము. ఎల్టన్ చెప్పినదానిని తరువాతివారు ఇట్లే విడమరచిరి.

అయితే అతడు చూపిన సాక్ష్యములను ఒక్కొక్కటిగా పట్టి చూచినప్పుడు చిక్కు కనబడును. పంటపొలములు, పండ్లతోటలు సులభముగా చీడలకు లోనగుచున్నవి, అడవులు అట్లు కావు, కావున జాతుల సంఖ్యయే రక్ష అని అతని వాదము. పొలములో జాతులు తక్కువ అన్నమాట నిజమే. కాని పొలమును ఏటేట దున్నుదుము, ఎరువు వేయుదుము, నీరు పెట్టుదుము. అడవిని దున్నము. రెండింటిమధ్య భేదము సంఖ్య ఒక్కటియే కాదు గదా! మా బీడుకథయు ఇదియే. ప్లాటులో జాతులు తక్కువ, గట్టుపై ఎక్కువ అని ఇన్నేండ్లు పిల్లలకు చూపితిని. ప్లాటును యంత్రము తిరగవేసినదని, గట్టును తిరగవేయలేదని లెక్కలోనికి తీసికొనలేదు. ఎల్టన్ చేసిన పొరపాటునే నేను చిన్న కొలతలో చేయుచుంటిని.

దీవులవిషయమున అతని సాక్ష్యము ఇంకను బలహీనము. దీవులలో స్వదేశజాతులు తక్కువ కనుక పరదేశి జాతులు విరివిగా చొచ్చినవనెను. న్యూజీలండులో సుమారు 2,000 స్వదేశ జాతుల మొక్కలుండగా, బయటినుండి వచ్చి తమంతట తాము పెరుగునవి కూడ సుమారు అన్నియే ఉన్నవి. వీనిమూలమున అక్కడ పూర్తిగా నశించిన స్వదేశ వృక్షజాతులు మాత్రము అతిస్వల్పము. అనగా ఆ దీవులలో మొక్కల జాతులసంఖ్య సుమారు రెట్టింపైనది. నేల 'నిండినది' అనుటకు గీత ఎక్కడ గీయవలెను? పైగా ఆ దీవులకు ఓడలలో మనుష్యులు తెచ్చిన విత్తనము ఎంత, తెచ్చినవారు పెంచినది ఎంత అన్న లెక్కను ఎల్టన్ తన త్రాసులో వేయలేదు.

గణితము కూడ అతనిని చేయి విడిచినది. ఆస్ట్రేలియాలో భౌతికశాస్త్రము చదివిన రాబర్ట్ మే 1972లో ఒక చిన్న లెక్క వేసి, జాతుల సంఖ్య, వానిమధ్య సంబంధములు యాదృచ్ఛికముగా పెరుగుకొలది వ్యవస్థ స్థిరత్వము తగ్గునని చూపెను. ప్రకృతిలోని సంబంధములు యాదృచ్ఛికములు కావు కనుక ఈ లెక్క ఎల్టన్‌ను పూర్తిగా త్రోసివేయదు. కాని 'సంక్లిష్టమైనదే స్థిరమైనది' అని తేలికగా అనుటకు వీలులేకుండ చేసినది.

పొలములోని చిక్కును విప్పవలెనన్న, నేల ఒక్కటే, దున్నుట ఒక్కటే, ఎరువు ఒక్కటే అయి, జాతులసంఖ్య మాత్రము మారవలెను. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున సీడర్ క్రీక్ అనుచోట డేవిడ్ టిల్మన్, అతని సహచరులు 1994లో అట్టి మడులను సిద్ధపరచిరి. ఒక ప్రయోగములో 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల 147 మడులలో ఒక జాతి మొదలు 24 జాతులవరకు చల్లిరి. ఏయే జాతులు ఏ మడిలో పడవలెనో చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. ఈ మడులనుండి 2002లో ప్రకటించిన ఫలితములలో, జాతులు పెరిగినకొలది పరదేశి మొక్కల సంఖ్యయు, వాని పరిమాణమును తగ్గినట్లు తేలినది. ఎల్టన్ గ్రంథము వెలువడిన నలువదినాలుగేండ్లకు దొరకిన మంచి సాక్ష్యమిది. నేను దీనిని గౌరవింతును.

అయినను ఇందులో ఒక మెలిక కలదు. కబడ్డీకి ఇద్దరిని చీటీవేసి ఎన్నుకొన్నప్పటికంటె ఇరువదినలుగురిని ఎన్నుకొన్నప్పుడు వారిలో ఒక పహిల్వాను ఉండుటకు అవకాశము ఎక్కువ. ఆట గెలిచినచో అది జట్టు ఐకమత్యముననా, ఆ ఒక్క పహిల్వాను బలముననా? మడులలో కూడ, ఎక్కువ జాతులు చల్లినప్పుడు కలుపును అణగద్రొక్కు మొండిజాతి ఒకటి అందులో పడు అవకాశము పెరుగును. మైకేల్ హస్టన్ అను శాస్త్రజ్ఞుడు 1997లో ఈ ఆక్షేపణ లేవదీసెను. సీడర్ క్రీక్ వారు తమ ఫలితములను తరచి చూచి, మొక్కలు ఒకదానినొకటి ఒరసికొనుచు ఇరుకుగా పెరుగుటయు, ఇరుగుపొరుగున వేరువేరు జాతులుండుటయు కారణములని చెప్పిరి. రెండు పక్షములలోను కొంత సత్యమున్నదని నా అభిప్రాయము.

ఇంతకంటె పెద్ద చిక్కు మడిని విడిచి బయలుకు వచ్చినప్పుడు కనబడును. థామస్ స్టోల్‌గ్రెన్, అతని సహచరులు అమెరికాలోని గడ్డిమైదానములను, కొండలను విస్తారముగా పరిశీలించి, స్వదేశజాతులు ఎక్కువగానున్న చోటులలోనే పరదేశిజాతులు కూడ ఎక్కువగా నున్నవని 1999లో ప్రకటించిరి. ఇది ఎల్టన్ చెప్పినదానికి తలక్రిందులు. ఈ ఫలితము మాకు కొత్త కాదు. ఇబ్రహీం కుతుబ్ షా పేరుగల మా ఊరి పెద్దచెరువు కట్టక్రింద, ఊటనీరు తగులుచోట, చెలకపైకంటె ఎన్నోరెట్లు ఎక్కువ జాతులు పెరుగును. పరదేశి మొక్కలు కూడ అక్కడనే ఎక్కువ. నీరు, మెత్తని మట్టి స్వదేశికి, పరదేశికి సమానముగా ఇష్టమే. సారవంతమైన నేల అందరిని పిలుచును.

ఈ రెండు ఫలితములును ఏకకాలమున నిజము కాగలవని చూపినవాడు జొనాథన్ లెవీన్. కాలిఫోర్నియాలోని ఈల్ నదిలో రాళ్లమధ్య ఒక తుంగజాతి గడ్డి దిబ్బలు దిబ్బలుగా పెరుగును. ఒక్కొక్క దిబ్బపై అనేక చిన్నమొక్కలు కాపురముండును. అతడు దిబ్బలపై జాతులసంఖ్యను తానే మార్చి పరదేశి విత్తనములు చల్లగా, జాతులు ఎక్కువైన దిబ్బపై పరదేశి తక్కువగా బ్రదికినది. కాని నదిలో సహజముగా నున్న దిబ్బలను చూచినప్పుడు, జాతులు ఎక్కువైన దిబ్బలమీదనే పరదేశియు ఎక్కువగా నుండెను. కారణమేమనగా, నది తెచ్చిపోయు విత్తనము దిగువదిబ్బలకు ఎక్కువగా చేరును. ఆ విత్తనప్రవాహము స్వదేశిని, పరదేశిని కలిపి పెంచును. జాతుల వైవిధ్యము అడ్డగించుచునే యున్నది, కాని ఆ అడ్డు విత్తనపు వెల్లువకు చాలదు. 2000 సంవత్సరమున వచ్చిన ఈ చిన్న వ్యాసము, నా దృష్టిలో, ఎల్టన్‌పై వచ్చిన విమర్శలన్నిటిలో మిన్న.

యాచారము అమ్మాయి చట్రమునకు సమాధానము ఇక్కడ దొరకినది. మేకలు దాటు త్రోవలో గిట్టలు నేలను రేపును. మేక తంగేడు ప్రక్కన గడ్డిని, రేగు చిగురును కొరుకును, వయ్యారిభామను మాత్రము ముట్టదు. ప్రక్క ప్లాటునుండి వేలకొలది విత్తనములు ప్రతి గాలికి వచ్చి పడుచుండును. గట్టుపై పది జాతులున్నను ఆ ఒక్క మూలలో తలుపు దినదినము తెరచియే యుండును.

వయ్యారిభామ ఎంతటి మొండిదో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. మూడునాలుగు నెలలలో మొలచి, పూచి, విత్తు రాల్చును. తేమ దొరకిన ఏ నెలలోనైనను మొలచును. దద్దురు, ఉబ్బసము తెచ్చును. పూనాలో 1955లో కనబడినదానిని ఆర్. ఎస్. రావు అను వృక్షశాస్త్రజ్ఞుడు 1956లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించెను. అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందము క్రింద వచ్చిన గోధుమలతో ఇది వచ్చినదని లోకప్రవాదము, 'కాంగ్రెస్ గడ్డి' అను పేరు కూడ పడినది. ఆ ఒప్పందము జరిగినది 1956 ఆగస్టులో, మొక్క కనబడినది అంతకుముందు. 1951 ప్రాంతమున కూడ అమెరికా గోధుమలు వచ్చెను కనుక గోధుమలపై నింద పూర్తిగా తొలగదు. పి.ఎల్. 480పై వేసిన నింద మాత్రము నిలువదు.

దీనిని అణచుటకు చేసిన ప్రయత్నములు మన ప్రశ్నకు మంచి పరీక్ష. కర్ణాటకలో కసింద జాతికి చెందిన ఒక మొక్కను చల్లగా అది వయ్యారిభామను చాలచోట్ల వెనుకకు నెట్టినది. మన తగిరిస కూడ కొంతవరకు ఆ పని చేయును. వానకాలపు మొదటనే గుంపుగా మొలచి, వెడల్పాటి ఆకులతో నేలను కప్పివేయుటయే దీని బలము. ఇక్కడ పనిచేసినది జాతులసంఖ్య కాదు, సమయమునకు మొలచి నీడపట్టు ఒక జాతి. కర్ణాటకలో వాడిన ఆ మొక్కయు అమెరికానుండి వచ్చిన పరదేశియే! మెక్సికోనుండి 1983లో తెచ్చి మరుసటియేడు బెంగుళూరులో విడిచిన ఆకుపురుగు కూడ వానకాలమున దీనిని బాగుగనే తినును. అడ్డగించుట పొరుగుమొక్కల వంతు మాత్రమే కాదని, తినువాడును ఉండవలెనని దీనివలన తెలియును. ఈ మాట ఎల్టన్ గ్రంథములో ఉన్నది. జంతుశాస్త్రజ్ఞుడు కనుక అతడు దానిని మరువలేదు. తరువాతివారే మడులలో మొక్కలను లెక్కించు సందడిలో దానిని కొంత వెనుకకు నెట్టిరి.

సర్కారు తుమ్మ సంగతి మరియొక విధము. కడప జిల్లాలోని కమలాపురమున దీనిని నాటినది ప్రభుత్వమే. మద్రాసు అటవీశాఖ కన్సర్వేటరుగా నుండిన కర్నల్ బెడ్డోమ్ ఎండిన సీమలకు వంటచెరకు కావలెనని 1876లో విత్తనములు కోరెను. అట్లు మొదలైన చెట్టు నేడు తెలుగుదేశపు చెరువు శిఖములన్నిటిలోను కలదు. మా పెద్దచెరువు నీరులేక ఏండ్లతరబడి ఎండియున్న కాలమున దాని గర్భములో కూడ విస్తరించినది. 'సర్కారు' అను విశేషణము ఎంత సార్థకమైనది! పశువులు, మేకలు దాని కాయలు తిని పేడతోపాటు విత్తునాటును. నరికిన మోడు మరల చిగుర్చును. ఇది ఏ అడ్డును చేదించి వచ్చినది కాదు. మనము పిలిచి, నాటి, మేపి, నేల ఖాళీచేసి ఇచ్చినాము. దానిని కాల్చి బొగ్గు అమ్ముకొని బ్రదుకువారు ఉన్నారు కనుక తిట్టుటకు కూడ సంకోచముగా నున్నది.

వైవిధ్యము మిక్కుటముగా నున్న అడవియైనను తనంతట నిలువగలదా? కర్ణాటకలోని బిళిగిరి రంగస్వామి కొండలు జాతిసంపదకు ప్రసిద్ధములు. అక్కడ 1997లో చూచిన స్థలములనే 2008లో మరల చూచిన పరిశోధకులకు, లాంటానా పొద సుమారు రెట్టింపు చోటులకు వ్యాపించినట్లు కనబడినది. ఏటేట తాము ఆకులచెత్తకు పెట్టు చిన్నమంటలను మాన్పించిన తరువాతనే ఆ పొద పెచ్చుపెరిగినదని అచ్చటి సోలిగలు చెప్పుదురు. ఉష్ణమండలపు అడవి తన జాతిసంపదచేతనే స్థిరముగా నుండునని తలచిన ఎల్టన్ ఈ మాటకు ఏమనునో!

అందుచేత ఎల్టన్ సిద్ధాంతములో నిలుచునది ఎంత? జాతులు ఎక్కువైన సముదాయము బయటిజాతిని పూర్తిగా తరిమివేయుట అరుదు, వచ్చినదానిని పెచ్చుపెరుగకుండ ఆపుట తరచు. 2004లో లెవీన్, అతని సహచరులు అనేక ప్రయోగముల ఫలితములను కలిపి చూచి చేరిన నిర్ణయము కూడ ఇదియే. ఆ శక్తి నేలను రేపనంతవరకు, విత్తనము వెల్లువగా రానంతవరకు, ఉన్న జాతులలో కాలమునకు తగినవి ఉన్నంతవరకు మాత్రమే. కాబట్టి 'పలురకముల మొక్కలు నాటినాము, ఇక కలుపు రాదు' అని ఫలకము పాతు సంస్థలను చూచినప్పుడు, గుంటలు త్రవ్విన నేలలో ఆ మొక్కలు ఎదుగులోపల ఏమి మొలచునో అడుగవలెనని నాకు తోచును. సంఖ్య సులభముగా లెక్కకు వచ్చును గనుక సంఖ్యనే పట్టుకొనుట మనకు అలవాటైనది.

ఇన్ని తప్పులు పట్టినను ఎల్టన్ గ్రంథపు చివరి భాగమును నేను మరల మరల చదువుదును. అచ్చట అతడు వాదము కట్టిపెట్టి, ఇంగ్లండు పల్లెలలోని కంచెగట్లను, బాటప్రక్కల పట్టీలను పొగడును. పొలము ఏకజాతిదైనను చుట్టునున్న గట్టుమీద పాతవృక్షజాలము దాగియుండునని, దానిని తీసివేయరాదని అతని కోరిక. సిద్ధాంతము తడబడినచోట అతని కన్ను తడబడలేదు. దున్నని నేల, నిలుకడగల వేరు, నానాజాతులు మూడును కలిసియుండు చోటు గట్టే. మా చెలకలలో కూడ అంతే. వెంపలి, తంగేడు, గునుగు బ్రదికియున్నది గట్లమీదనే.

ఇబ్రహీంపట్నము చుట్టును ప్లాట్లు వేయునప్పుడు యంత్రము మొట్టమొదట చేయు పని గట్టు తీయుట. పోయిన భాద్రపదమాసపు చివరిదినములలో విద్యార్థులతో నేను అక్కడ ఉండగా, బతుకమ్మకు తంగేడు కోయవచ్చిన నలుగురు ఆడవారు ప్లాట్లనిండ నడచి, చేతికేమియు చిక్కక, తూర్పుగట్టు దగ్గర ఆగిరి. అందులో పెద్దామె గట్టుపొడవునను చూచి, "ఇంత తంగేడు ఇంక యాడ లేదు బిడ్డా" అని మా అమ్మాయిలతో అని, కొమ్మ విరువకుండ పూలగుత్తులు మాత్రమే త్రుంపి ఒడిలో వేసికొనినది. ఆ పొలముగల రైతు కూడ దానిని అమ్మజూపుచున్నాడని తరువాత తెలిసినది. వచ్చే వానకాలమునకు మా చట్రమును ఎక్కడ పెట్టవలెనో ఇంకను నిశ్చయింపలేదు.